‘ప్యాషనేట్’ అనకుండా ఇష్టాన్ని ఇంగ్లీషులో చెప్పడం ఎలా?

నీలిమ_అనంత
అందరికీ నమస్తే. భూగర్భ జలాల మీద మాస్టర్స్ చెయ్యాలని బయటి యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాను. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) రాసి మా సీనియర్ అక్కకు పంపితే, "ఎక్కడ చూసినా ప్యాషన్, ప్యాషనేట్. చదివేవాళ్లకు మొహం మొత్తుతుంది, మార్చు" అని తిప్పి పంపింది. డిక్షనరీ తీస్తే ఎంథూజియాస్టిక్, జీలస్, ఆర్డెంట్, ఫర్వెంట్, ఎవిడ్, కీన్, ఈగర్ అని వరసగా ఉన్నాయి. తెలుగు అర్థం దగ్గరికొచ్చేసరికి అన్నిటికీ "ఆసక్తి గల, ఉత్సాహం గల" అనే ఇచ్చారు. మరి అన్నీ ఒకటేనా? ఒకటి తీసి ఇంకోటి పెట్టేస్తే సరిపోతుందా? టైమ్ ఎక్కువ లేదు, కాస్త టెన్షన్‌గా ఉంది.

టైల్స్_శీను
"నీళ్లంటే నాకు పిచ్చి" అని రాసెయ్ చెల్లెమ్మా. సూటిగా ఉంటుంది. సీటు కూడా సూటిగా పోతుందనుకో, అది వేరే సంగతి.

మాస్టారు_తెనాలి
శీనూ, ఆ అమ్మాయి టెన్షన్‌లో ఉంటే మధ్యలో నీ వేళాకోళం ఒకటి.

నీలిమా, అన్నీ ఒకటి కావమ్మా. ఒక్కో మాటకు ఒక్కో జోడీ ఉంటుంది. ఎవిడ్ రీడర్ అంటారు, స్టాంపులు పోగేసేవాణ్ణి ఎవిడ్ కలెక్టర్ అంటారు. ఎంత దొరికినా ఇంకా కావాలనే ఆబ ఆ మాటలో ఉంది కాబట్టి చదవడానికి, పోగెయ్యడానికి అతుకుతుంది. ఎవిడ్ ఇంజినీర్ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆర్డెంట్ ఎక్కువగా సపోర్టర్, అడ్మైరర్ లాంటి మాటల ముందు వస్తుంది. ఫర్వెంట్ ప్రార్థనకు, ఆశకు, నమ్మకానికి. ఈగర్ అంటే ఇంకా జరగనిదాని కోసం తహతహ, అందుకే దాని వెనక "టు" వస్తుంది, ఈగర్ టు లెర్న్ అన్నట్టు. చెయ్యబోయే పనైతే "కీన్ టు", ఆటో పాటో అయితే "కీన్ ఆన్". ప్యాషనేట్, ఎంథూజియాస్టిక్ రెండిటికీ వెనక "అబౌట్". ప్యాషన్‌కు మాత్రం "ఫర్". "ప్యాషన్ టువర్డ్స్" అనేది మన దగ్గర బాగా వాడుకలో ఉంది కానీ ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ల చెవికి ఆనదు.

జీలస్ జోలికి మాత్రం వెళ్లకు.

డాలస్_సుబ్బు
మాస్టారు చెప్పిన కీన్ విషయంలో ఒక చిన్న సంగతి. అది బ్రిటిష్ వాళ్ల మాట. ఇక్కడ అమెరికాలో ఆఫీసులో కీన్ అన్నవాణ్ణి నేను పెద్దగా చూడలేదు. ఇక్కడ అన్నిటికీ ఎక్సైటెడే. మంగళవారం బడ్జెట్ మీటింగ్ ఉంది, అందరం ఎక్సైటెడ్. కొత్త ప్రింటర్ వచ్చింది, సూపర్ ఎక్సైటెడ్. కాబట్టి నీలిమా, ఏ దేశానికి పంపుతున్నావో చూసుకో. ఇంగ్లండ్ ప్రొఫెసర్‌కు నీ ఎక్సైటెడ్ అతిగా కనిపిస్తుంది, టెక్సస్ ప్రొఫెసర్‌కు నీ కీన్ చప్పగా కనిపిస్తుంది.

నీలిమ_అనంత
థాంక్యూ మాస్టారు, థాంక్యూ సుబ్బు అన్నా. రెండు దేశాలకూ పంపుతున్నాను, ఇప్పుడు రెండు కాపీలు చెయ్యాలేమో! జీలస్ ఎందుకు వద్దంటున్నారు మాస్టారు? మా క్యాంపస్ ఇంటర్వ్యూల్లో "ఐ హ్యావ్ గ్రేట్ జీల్ టు లెర్న్" అని అందరూ చెప్పేవాళ్లు.

మాస్టారు_తెనాలి
అందరూ చెప్పడమే మొదటి ఇబ్బంది. రెండోది, ఆ మాటకు ఒక వాసన ఉంది. జీల్, జెలస్ రెండూ అక్కాచెల్లెళ్లు. గ్రీకులో జీలోస్ అనే ఒకే మాట నుంచి వచ్చాయి. ఒకటో శతాబ్దంలో రోమన్ల మీద కత్తి పట్టిన యూదుల వర్గానికి జీలట్స్ అని పేరు. ఇవాళ జీలట్ అంటే పక్కవాడి మాట వినని మొండివాడు. పని మీద అతిశ్రద్ధ చూపించి జనాన్ని పీడించే అధికారిని ఓవర్‌జీలస్ అంటారు. ఫ్రెంచి దౌత్యవేత్త టాలీరాండ్ తన కింది ఉద్యోగులకు "మరీ అంత జీల్ వద్దు" అని చెప్పేవాడని ఒక మాట ప్రచారంలో ఉంది. చెప్పాడో లేదో గానీ చెప్పదగ్గ మాటే.

అసలు ఎంథూజియాజం కూడా ఒకప్పుడు తిట్టేనమ్మా. గ్రీకులో ఎన్ అంటే లోపల, థియోస్ అంటే దేవుడు. లోపల దేవుడు దూరినవాడు అని. 17, 18 శతాబ్దాల ఇంగ్లండులో "దేవుడు నాతో నేరుగా మాట్లాడాడు" అని వీధిలో నిలబడి చెప్పేవాళ్లను ఎంథూజియాస్ట్ అని ఈసడించేవాళ్లు. మతం పేరుతో అంతర్యుద్ధం చూసిన దేశం కదా, భయం ఉంటుంది. తత్వవేత్త జాన్ లాక్ తన పెద్ద గ్రంథం నాలుగో కూర్పులో, 1700లో, దీన్ని ఖండించడానికే ఒక అధ్యాయం కొత్తగా చేర్చాడు. 1739లో బ్రిస్టల్ బిషప్ జోసెఫ్ బట్లర్, మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీతో, ఇలాంటి దర్శనాలు పొందినట్టు చెప్పుకోవడం ఘోరం, మహా ఘోరం అన్నాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చింది. అందులో ఎంథూజియాజం అంటే, దేవుడు తనకొక్కడికే ఏదో తెలియజేశాడన్న వ్యర్థ నమ్మకం. అదీ మొదటి అర్థం! ఇవాళ ఉద్యోగ ప్రకటనల్లో "ఎంథూజియాస్టిక్ అభ్యర్థులు కావలెను" అని చూస్తే నాకు జాన్సన్ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

లష్కర్_లత
లోపల దేవుడు దూరడం అంటే మా సికింద్రాబాద్‌ల పూనకమే కద మాస్టారూ! ఉజ్జయిని మహంకాళి బోనాల తెల్లారి రంగం ఉంటది. పచ్చికుండ మీద నిలబడి అమ్మ పలుకుతది, జనమంతా ఊపిరి బిగబట్టి వింటరు. మా దిక్కు అది తిట్టు కాదు, గౌరవం. ఇంగ్లండోళ్లు దాన్ని చూసి భయపడ్డరు, మనం పసుపు కుంకుమ పెట్టి కాళ్లకు మొక్కుతం.

మాస్టారు_తెనాలి
బాగా చెప్పావు లతమ్మా. మన ఆవేశం అనే మాట కూడా అదే. లోపలికి ప్రవేశించడం అనేది దాని మొదటి అర్థం. ఇప్పుడేమో "ఆవేశపడకు" అంటే కోపం తగ్గించుకో అని. ఎంథూజియాజం తిట్టు నుంచి మెచ్చుకోలుకు ఎక్కింది, మన ఆవేశం కాస్త కిందికి దిగింది.

ఇంకా చెప్పాలంటే ఉత్సాహం మన నాట్యశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి ఆధారమైన భావం. పుట్టినరోజు పార్టీలో చప్పట్లు కొట్టే ఉత్సాహం కాదది, యుద్ధానికి వెళ్లేవాడిది.

రూత్_ఏలూరు
మాస్టారు గారూ, జీల్ గురించి మీరన్నది చదివాక మా తెలుగు బైబిల్ గుర్తొచ్చింది. 69వ కీర్తనలో "నీ యింటినిగూర్చిన ఆసక్తి నన్ను భక్షించియున్నది" అని ఉంటుంది. ఇంగ్లీషులో అక్కడ జీల్. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ వాక్యం కంఠతా పట్టేటప్పుడు, ఆసక్తి మనిషిని తినెయ్యడమేంటి అనుకునేదాన్ని. ఇప్పుడు ఆసక్తి అంటే "ఆ సీరియల్ మీద నాకంత ఆసక్తి లేదు" అనేంత పలచబడింది గానీ అనువాదం చేసిన పెద్దలకు అది భక్షించేంత బలమైన మాట. ఇంగ్లీషులో జెలస్ గాడ్ అని ఉన్నచోట మనకు "రోషముగల దేవుడు". అసూయ అనకుండా రోషం అన్నారు చూడండి, ఎంత ఆలోచించారో.

ప్యాషన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? దాని అసలు అర్థం బాధే. లాటిన్‌లో బాధపడటం అనే క్రియ నుంచి వచ్చింది. ఆసుపత్రిలో పేషెంట్ కూడా అదే ఇంటివాడు. మా చర్చిలో ఈస్టర్ ముందు శ్రమల దినాలు అంటామే, ఇంగ్లీషులో ప్యాషన్ అంటే ఆ శ్రమలే, క్రీస్తు సిలువ మీద పడినవి. ప్రేమ, మోహం, ఇష్టం అన్నీ తర్వాత చేరినవే.

ప్యాషన్ ఫ్రూట్ పేరు కూడా అక్కడి నుంచే. దక్షిణ అమెరికా వెళ్లిన స్పెయిన్ మిషనరీలు ఆ తీగ పువ్వును చూసి అందులో సిలువ కథంతా చదివారు. పువ్వు మధ్యలో పైకి లేచిన మూడు కొమ్ములు మేకులు, వాటి కింద అయిదు పుప్పొడి తిత్తులు అయిదు గాయాలు, చుట్టూ జూలులా ఉన్న ఊదా పోగులు ముళ్లకిరీటం. రేకులూ రక్షకపత్రాలూ కలిపి పది. యూదా, పేతురు కాకుండా మిగిలిన పదిమంది శిష్యులట. మా ఇంటి గేటు మీద ఆ తీగ ఉంది. పక్కింటి పిన్నిగారు రోజూ పూజకు కోసుకెళ్తారు. ఆవిడకు అది కృష్ణకమలం. చుట్టూ ఉన్న ఊదా పోగులు నూరుగురు కౌరవులు, పైన అయిదుగురు పాండవులు, ఆ పైన మూడు కొమ్ములు త్రిమూర్తులు. మిషనరీలు ముళ్లకిరీటం చూసిన చోట ఆవిడ దుర్యోధనుణ్ణి, తమ్ముళ్లను చూస్తారు. ఇద్దరూ లెక్కపెట్టినవి మాత్రం అవే.

ఖాదర్_హైదరాబాదీ
రూత్ గారూ, పువ్వు కథ అద్భుతం. మా ఇంట్లో కూడా ఆ తీగ పెట్టిస్తా.

మా వైపు నుంచి రెండు మాటలు. జోష్ అంటే ఫార్సీలో మరగడం, పొంగడం. ఫర్వెంట్‌కు నామవాచకమైన ఇంగ్లీషు ఫర్వర్‌కు లాటిన్ మూలం కూడా మరగడమే. ఎక్కడి ఇరాన్, ఎక్కడి రోమ్! ఇంకోటి షోకు. అరబ్బీలో షౌక్ అంటే తపన, ఎవరి కోసమో కొట్టుకుపోవడం. అది ఉర్దూ దాటి తెలుగులోకి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా, సెంటు, కళ్లజోడు అయిపోయింది. "వాడికి షోకులెక్కువ" అంటే షౌక్‌లో ఉన్న బాధ ఒక్క చుక్క కూడా మిగల్లేదు.

టైల్స్_శీను
నేనూ ఒక మాట చెప్పొచ్చా, ఈసారి సీరియస్‌గానే. మా షాపులో క్రేజ్ అంటే కస్టమర్ కంప్లయింట్. గ్లేజ్డ్ టైల్ మీద కొన్నాళ్లకు సన్నగా, వెంట్రుకవాసి పగుళ్లు వల అల్లినట్టు వస్తాయి. దాన్ని క్రేజింగ్ అంటారు. పైన ఉన్న పింగాణీ పూత ఒక లెక్కన సాగుతుంది, లోపలి మట్టి ఇంకో లెక్కన సాగుతుంది. తేమ పీల్చి మట్టి ఉబ్బితే పైపూత తట్టుకోలేక చిట్లుతుంది. టీ మరక పడితే ఆ గీతలన్నీ బయటపడతాయి, అప్పుడు మాకు ఫోన్. క్రేజ్‌కు మొదటి అర్థం ఈ పగలడమేనని మా కంపెనీ ట్రైనింగ్‌లో చెప్పారు. బుర్ర పగిలినవాడు క్రేజీ. తర్వాత్తర్వాత హీరోకు క్రేజ్, బైక్‌కు క్రేజ్.

డాలస్_సుబ్బు
శీను బ్రో, ఇది కేక.

అన్నట్టు "ఐ హ్యావ్ క్రేజ్ ఫర్ బైక్స్" అని ఇక్కడ అంటే అర్థం కాదు. క్రేజ్ అనేది జనం మొత్తానికి కొన్నాళ్లు పట్టుకునేది, ఒక మనిషికి ఉండేది కాదు. ఒక మనిషైతే క్రేజీ అబౌట్ బైక్స్.

ఫ్యాన్ మాట కూడా ఇక్కడిదే. 19వ శతాబ్దం చివర్లో బేస్‌బాల్ చూడ్డానికి ఎగబడే జనాన్ని అలా పిలవడం మొదలైంది, ఫ్యానటిక్ అనే మాటను కత్తిరించి. ఫ్యానటిక్ లాటిన్‌లో గుడి నుంచి వచ్చిన మాట. అంటే మన దగ్గర ఫ్యాన్స్ కటౌట్‌కు పాలాభిషేకం చేస్తే అర్థం చేసుకోవాలి, వాళ్లు ఆ మాటను మళ్లీ గుడికే తీసుకెళ్లారు.

లష్కర్_లత
డైహార్డ్ ఫ్యాన్ అంటరు కద, అది ఎక్కడిది సుబ్బన్నా?

మాస్టారు_తెనాలి
అది నేను చెబుతాను, రక్తం మరకలున్న మాట. 1811 మే 16న స్పెయిన్‌లో అల్బువేరా యుద్ధం. బ్రిటిష్ 57వ పటాలం కర్నల్ ఇంగ్లిస్ గాయపడి కింద ఉండి కూడా, వెనక్కి రాకుండా మొండిగా చావండని అరిచాడట. ఆ పటాలానికి డైహార్డ్స్ అని పేరు పడిపోయింది. అంతకు ముందే లండన్ వీధిభాషలో, ఉరికంబం మీద కూడా బెదరని నేరగాడి గురించి ఈ మాట వాడేవాళ్లు. ఇప్పుడు తెల్లవారుజామున బెనిఫిట్ షోకు క్యూలో నిలబడేవాడు డైహార్డ్.

ప్రూఫ్‌రీడర్
ఇంత సేపు ఓపిగ్గా చదివాను. పెద్దలందరికీ దండం. కానీ ఆ అమ్మాయి అడిగింది మాటల వంశవృక్షం కాదు. ప్యాషన్‌కు రోమ్‌లో బాధ అని అర్థమైతే అడ్మిషన్ కమిటీకి ఏంటి? ఇవాళ వాడుకలో ఏ అర్థం ఉందో అదే అర్థం. అసలు మూలం చూపించి ఇది సరైన అర్థం అనడం మొదలుపెడితే, నైస్ అనే మాటకు లాటిన్‌లో అజ్ఞాని అని మూలం. రేపటి నుంచి ఎవరినైనా నైస్ అంటే పరువునష్టం దావా వేసుకోవాలి.

మాస్టారు_తెనాలి
మూలమే అర్థమని నేను అనలేదు నాయనా. కానీ పాత వాసన పూర్తిగా పోదు. ఎంథూజియాజంకు పోయింది, జీల్‌కు పోలేదు. అబ్సెషన్ చూడు, లాటిన్‌లో కోటను ముట్టడించడం. ఇప్పటికీ "అబ్సెస్‌డ్ విత్" అంటే మనిషి చుట్టూ ఏదో ముట్టడి వేసినట్టే ఉంటుంది. ఇది తెలిసిన పిల్ల ఆ మాటను దరఖాస్తులో పెట్టదు. తెలియని పిల్ల పెడుతుంది. అదే తేడా.

ప్రూఫ్‌రీడర్
అబ్సెస్‌డ్ ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో లిప్‌స్టిక్ గురించి కూడా రాస్తున్నారు మాస్టారు. ఏ ముట్టడీ లేదు.

మాస్టారు_తెనాలి
అందుకే దరఖాస్తులో వద్దంటున్నాను.

ప్రూఫ్‌రీడర్
అక్కడ కలిశాం, సంతోషం. ఇక నీలిమ గారూ, మీ సీనియర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లింక్డ్‌ఇన్ వాళ్లు ప్రొఫైళ్లలో అరిగిపోయిన మాటల జాబితాలు విడుదల చేస్తుండేవాళ్లు, వాటిలో ప్యాషనేట్ ఉండేది. నా దగ్గరకు దిద్దమని వచ్చే వ్యాసాలన్నిటిలో కూడా ఉంటుంది. దాని బదులు ఆర్డెంట్ పెడితే మెరుగుపడదు, ప్యాషనేట్ అనే మాట తట్టక డిక్షనరీ వెతికినట్టు తెలుస్తుంది, అంతే. మీకు ఎంత ఇష్టమో చెప్పకండి. ఆ ఇష్టంతో ఏం చేశారో చెప్పండి. ఏం చేశారు?

డాలస్_సుబ్బు
ఆర్డెంట్ సరే, దాని నామవాచకం ఆర్డర్‌ను తెలుగులో రాస్తే మరీ కష్టం. "ఆయన ఆర్డర్ చూసి ముచ్చటేసింది" అంటే బిర్యానీ ఎంత చెప్పాడో అనుకుంటారు.

నీలిమ_అనంత
ఏం చేశానంటే... గొప్పగా ఏమీ లేదండి. మా మామయ్య వేరుశనగ చేలో పనికిరాక వదిలేసిన బోరు ఒకటి ఉంది. ఇంటర్ సెలవుల నుంచి దాంట్లో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. దానికి మీటర్లు అమ్ముతారు కానీ మా దగ్గర లేదు. స్టీలు టేపుకు కొసన బరువు కట్టి, కింది అడుగులకు సుద్దముక్క బాగా రుద్ది దింపుతాను. నీళ్లు తగిలినంత మేర సుద్ద తడిసి రంగు మారుతుంది. బోరు మూతి దగ్గర టేపు 100 అడుగుల మీద పట్టుకుని దింపి, పైకి తీస్తే 6 అడుగులు తడిసిందనుకోండి, నీళ్లు 94 అడుగుల కింద ఉన్నట్టు. ఎండాకాలంలో టేపు చాలదు, ఏమీ తడవకుండా పైకి వచ్చేస్తుంది. అప్పుడు "పొడి" అని రాస్తాను.

ఒకటి మాత్రం వింతగా అనిపించింది. రోడ్డవతల రైతు మోటారు వేస్తే మా బోరులో నీళ్లు దిగిపోతాయి. కానీ మా గట్టు పక్కనే, ఇంకా దగ్గర్లో ఉన్న బోరు ఎంతసేపు నడిచినా మా దాంట్లో చలనం ఉండదు. మొదట నా కొలతే తేడా అనుకుని మళ్లీ మళ్లీ చూశాను. డిగ్రీలో జియాలజీ చదివాక తెలిసింది, మా అనంతపురం వైపు అడుగున అంతా గ్రానైటు రాయి, నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే నడుస్తాయని. రోడ్డవతల బోరు, మాది ఒకే పగులు మీద ఉండి ఉంటాయి. పక్క బోరుకు ఆ పగులు తగల్లేదు. ఆ పగుళ్లను పైనుంచే ఎలా కనిపెట్టాలో నేర్చుకోవాలనే ఈ కోర్సు.

ప్రూఫ్‌రీడర్
ఇదంతా మీ వ్యాసంలో ఉందా?

నీలిమ_అనంత
లేదండి. "సిన్స్ మై చైల్డ్‌హుడ్ ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్ వాటర్" అని ఉంది.

ప్రూఫ్‌రీడర్
తీసెయ్యండి. సుద్ద, టేపుతో మొదలుపెట్టండి. రెండో పేరాలో రోడ్డవతల మోటారు. ఆ తర్వాత మీకు తెలియనిదేంటో, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి దగ్గర అది నేర్చుకోవాలనుకుంటున్నారో. "పొడి" అని రాసుకున్న వాటిని దాచకండి. ఏమీ దొరకని రోజు కూడా రాసి పెట్టినవాళ్లను పరిశోధన చేసేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. చిన్నప్పటి నుంచి అనే మాట కూడా కొట్టేయండి, ఎందుకంటే అది ప్రతి దరఖాస్తులోనూ మొదటి వాక్యమే.

రూత్_ఏలూరు
నీలిమా, బంగారం, ఇంత ఉంచుకుని టెన్షన్ దేనికి? ఎండలో ఆ టేపు దింపి, ఏమీ తడవకుండా పైకి లాగడమే రోమన్లు చెప్పిన ప్యాషన్. ప్రూఫ్‌రీడర్ గారు ఏమనుకున్నా సరే.

ప్రూఫ్‌రీడర్
ఏమీ అనుకోను. వ్యాసంలో పెట్టనంతవరకు.

మాస్టారు_తెనాలి
అమ్మాయ్, ఇంగ్లీషు విశేషణం ఒకటి కావాలంటే చివరి పేరాలో ఈగర్ వాడుకో, "ఈగర్ టు వర్క్ విత్" అని ఆ ప్రొఫెసర్ పేరు. ఇంగ్లండు కాపీలో అదే చోట కీన్. రెండూ వేళ్లున్న మాటలే, ఈగర్ లాటిన్‌లో పులుపు, పదును. వినెగర్‌లోనూ అదే ఉంది. కీన్ పాత ఇంగ్లీషులో ధైర్యవంతుడు. ప్రూఫ్‌రీడర్ గారు నన్ను క్షమించాలి, అలవాటు పోదు.

ఖాదర్_హైదరాబాదీ
మాస్టారు రిటైరయ్యారు, జోష్ రిటైరవ్వలేదు.

డాలస్_సుబ్బు
ఇంకా ఒక మంచి మాట మిగిలిపోయింది, గంగ్ హో. ఇది చైనా మాట. అక్కడి పారిశ్రామిక సహకార సంఘాల పేరును పొట్టిగా అలా అనేవాళ్లు. అమెరికా మెరీన్ అధికారి ఎవాన్స్ కార్ల్‌సన్ చైనాలో అది విని, 1942లో తన దళానికి నినాదం చేశాడు. ఇప్పుడు మా ఆఫీసులో ముందూ వెనకా చూడకుండా దూకేవాణ్ణి గంగ్ హో అంటారు. పొగడ్తలో కొంచెం వెటకారం. నీలిమా, ఇది వాడకు, ఊరికే చెప్పా.

నాకూ ఒక సందేహం ఉంది, ఇంతమంది ఉన్నప్పుడే అడిగేస్తా. కసికి ఇంగ్లీషులో ఏమనాలి? మావాడు క్రికెట్ ఆడతాడు, పోయిన సీజన్‌లో టీమ్ నుంచి తీసేశారు. ఈసారి నెట్స్‌లో కసిగా ఆడుతున్నాడు. కోచ్‌తో చెప్పబోయి ప్యాషన్ అన్నా, తృప్తిగా లేదు.

లష్కర్_లత
రివెంజ్ అను.

డాలస్_సుబ్బు
పిల్లాణ్ణి పోలీసులకు పట్టిస్తావా అక్కా.

మాస్టారు_తెనాలి
కామెంటేటర్లు హంగర్ అంటారు, పరుగుల ఆకలి. కానీ కసిలో అవమానం ఉంది, ఆకలిలో లేదు. గ్రిట్ అంటే పట్టుదల, అందులోనూ గాయం లేదు. ఫైర్ ఇన్ ద బెల్లీ కొంత దగ్గర.

ప్రూఫ్‌రీడర్
"హి హ్యాస్ ఎ పాయింట్ టు ప్రూవ్." జట్టు నుంచి తీసేసి మళ్లీ పిలిచిన ఆటగాడి గురించి అలాగే అంటారు. అవమానం, పట్టుదల రెండూ అందులో వచ్చేస్తాయి, పగ మాత్రం పైకి కనిపించదు. కోచ్‌కు అదే చెప్పండి. ఆ కోచే తీసేసి ఉంటే మాత్రం చెప్పకండి.

డాలస్_సుబ్బు
ఆ కోచే.

నిర్వాహకులు
సుబ్బు గారూ, క్రికెట్ వేరే విభాగంలో ఉంది, మీ అబ్బాయి సంగతి అక్కడ కొత్త చర్చగా పెట్టండి. నీలిమ గారు కొత్త కాపీ రాశాక ఇక్కడే పెట్టొచ్చు. యూనివర్సిటీ పేర్లు, ప్రొఫెసర్ల పేర్లు తీసేసి పెట్టండి.

నీలిమ_అనంత
తప్పకుండా అండి. మొదటి పేరా అయిపోయింది. సుద్ద చాక్ కాబట్టి సరే, వేరుశనగకు గ్రౌండ్‌నట్ అనాలా, పీనట్ అనాలా?

మాస్టారు_తెనాలి
ఇంగ్లండు కాపీలో గ్రౌండ్‌నట్.

డాలస్_సుబ్బు
అమెరికాకు పంపే కాపీలో పీనట్.